జేబులో మదరసా

ఆ మధ్య కళాశాల అధ్యాపకుల సభ ఒకటి జరిగింది. చర్చనీయాంశం విద్యారంగంలో మతోన్మాదం. వక్తల్లో ఒకరు, మనవారే, చాలాకాలంగా ఉద్యమంలో వున్నవారే, మాటల మధ్య ఒక చమత్కారం విసిరారు: పూర్వం సాయిబుల పిల్లవాడు మదరసాకు పోయేవాడట, ఇప్పుడు మదరసాయే వాడి జేబులోకి వచ్చిందట. సభ నవ్వింది. నేనూ నవ్వాను, దాచుకోవడం దేనికి? వెనక వరసలో కూర్చున్న బి.ఎస్‌సి. విద్యార్థి ఒకడు మాత్రం నవ్వలేదు. సభ ముగియకముందే లేచి వెళ్ళిపోయాడు. రెండేళ్ళుగా మా అధ్యయన తరగతులకు తప్పకుండా వస్తున్న పిల్లవాడు. ఆ తర్వాత రాలేదు.

ఒక చమత్కారాన్ని పట్టుకుని ఇంత రభస అవసరమా అని మిత్రులు అడగవచ్చు. అవసరమే. ఎందుకంటే ఆ చమత్కారంలో ఒక సిద్ధాంతం దాక్కుని వున్నది. మతమంటే అజ్ఞానం, యంత్రమంటే విజ్ఞానం. యంత్రం వచ్చిన చోట మతం తోక ముడవాలి. ముడవకుండా ఆ యంత్రం మీదే ఎక్కి కూర్చున్నదంటే అది నవ్వులాటకు తగిన విషయమే తప్ప ఆలోచనకు తగినది కాదు. ఇదీ ఆ సిద్ధాంతం. దీన్ని భౌతికవాదమని మనం అనుకుంటున్నాం. ఇది భౌతికవాదం కాదు, బద్ధకం.

ముందు అసలు సంగతి చూద్దాం. ఆ విద్యార్థి ఫోనులో ఏం చదువుతున్నాడో నాకు తెలుసు, అతనే చెప్పాడు కనుక. తండ్రి కారు నడుపుతాడు, తల్లి ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. చదువంతా ఇంగ్లీషు మీడియంలో సాగింది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదవడం మాత్రం రాదు. చిన్నప్పుడు వీధి మసీదులో హాఫిజు గారి బెత్తం కింద అరబ్బీ అక్షరాలు గుణించి, అర్థం తెలియకుండానే ఖురాను ఒకసారి పూర్తి చేశాడు. ఇప్పుడు పంతొమ్మిదో ఏట రాత్రి పది దాటాక ఫోను ముందు కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు. మొదట తజ్వీదు, అంటే ఉచ్చారణ శాస్త్రం. తర్వాత ఇంగ్లీషులో తఫ్సీరు, అంటే వ్యాఖ్యానం. ఆదివారాలు ఫిఖ్‌హ్, అంటే ధర్మశాస్త్రం. "సార్, చిన్నప్పుడు చదివిందానికి అర్థం ఏమిటో ఇప్పుడు తెలుసుకుంటున్నాను" అన్నాడు. అర్థం తెలియకుండా వల్లె వేసినంతకాలం మనకు అతని చదువు మీద అభ్యంతరం లేదు. అర్థం అడగడం మొదలుపెట్టగానే మనకు ఛాందసుడైపోయాడు!

ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు కారు. గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసే యువకులున్నారు, మెహిదీపట్నంలో డిగ్రీ చదివే ఆడపిల్లలున్నారు, గుంటూరు, నెల్లూరు, కర్నూలు పట్టణాల్లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళున్నారు. 2016 సెప్టెంబరు తర్వాత ఫోనులో ఇంటర్నెట్టు ఉప్పు పప్పు కంటే చౌక అయింది. 2020లో కోవిడు వచ్చి మసీదుల తలుపులు మూసింది. ఆ ఏడు రంజాను తరావీహు నమాజు జనం ఇళ్ళలోనే చేసుకున్నారు, ప్రసంగాలు ఫోనులోనే విన్నారు. అప్పుడు అలవాటైనవాళ్ళు తర్వాత మానలేదు. ఇందులో మర్మమేమీ లేదు.

అయితే చౌక అయినంతమాత్రాన మనిషి మతపాఠమే ఎందుకు వింటాడు? సినిమా చూడవచ్చు, పేకాట ఆడవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు మన నగర చరిత్రలో వుంది. హైదరాబాదులో 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగుతో సహా ఉర్దూలో బోధించారు. నవాబుల భాష కనుక అది మెజారిటీ ప్రజల భాషను అణచి వుంచిందన్న మాట నిజమే. దాని మీద మనవాళ్ళు పోరాడింది న్యాయమే. కాని 1948 తర్వాత కొద్ది ఏళ్ళలో బోధన ఇంగ్లీషుకు మారాక, ఉర్దూ నవాబులతోపాటు దేశం విడిచి పోలేదు. జట్కావాడి దగ్గర, బీడీలు చుట్టే తల్లి దగ్గర మిగిలిపోయింది. ఆమె బిడ్డకు ఆ లిపి నేర్పే బడి మాత్రం ఏటేటా చిక్కిపోయింది. రెండు తరాలు గడిచేసరికి తాత పుస్తకాల పెట్టె ముందు మనవడు నిరక్షరాస్యుడైనాడు. ఆ పెట్టెలో మత గ్రంథాలూ వున్నాయి, మఖ్దూం కవిత్వమూ వుంది. రెండూ అతనికి మూసుకుపోయాయి. ఫోను వచ్చి మొదటిదాన్ని తెరిచింది. రెండోదాన్ని తెరవడం మన పని; మనం తెరవలేదు.

కోస్తాలో కథ వేరు. అక్కడి దూదేకులవారికి, నూర్‌బాషాలకు ఇంటి భాష తెలుగే. శుక్రవారం మసీదులో ఉర్దూ ప్రసంగం వింటూ, సగం అర్థమై సగం అర్థంకాక తల వూపి రావడం తాతల నాటి నుంచి అలవాటు. ఖురానును మొట్టమొదట తెలుగు చేసినవాడు చిలుకూరి నారాయణరావుగారనే బ్రాహ్మణ పండితుడన్న సంగతి మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? ఇప్పుడు తెలుగులో ధర్మపాఠాలు చెప్పే మౌలానాలు తయారైనారు. తన భాషలో తన మతం మొదటిసారి వినిపించినప్పుడు పత్తి ఏకేవాడి కొడుకు ఎలా వింటాడో ఊహించండి. మాతృభాషలో విద్య అని తీర్మానాలు చేసేవాళ్ళం మనం; ఈ ఒక్క చోట మాత్రం మాతృభాష మనకు భయం కలిగిస్తున్నది!

పైన చెప్పిన వక్తగారికి ఇంకొక పొరపాటు కూడా వున్నది. మదరసా మధ్యయుగాలదనీ, యంత్రం ఇవాళ్టిదనీ, రెండూ అకస్మాత్తుగా ఢీకొన్నాయనీ ఆయన నమ్మకం. చరిత్ర అలా నడవలేదు. దేవబందు మదరసా పుట్టింది 1866లో, అంటే మన మద్రాసు, కలకత్తా విశ్వవిద్యాలయాల తర్వాత. నవాబుల ఈనాముల మీద ఆధారపడకుండా, మామూలు జనం ఇచ్చే చందాల మీద, తరగతులూ పరీక్షలూ పెట్టి, ఇంగ్లీషువాడి రైళ్ళనూ తపాలానూ అచ్చుయంత్రాన్నీ వాడుకుని అది దేశమంతా అల్లుకున్నది. ధర్మసందేహాలకు జవాబులు ఉత్తరాల్లో వచ్చేవి. ఇప్పుడు అదే సంస్థ ఇంటర్నెట్టులో ఫత్వాలు ఇస్తున్నది. పందొమ్మిదో శతాబ్దంలో ఖురాన్లు విరివిగా అచ్చువేసి చౌకగా అమ్మిన లక్నో ముద్రణాలయం మున్షీ నవల్ కిశోర్ అనే హిందువుది, 1858లో స్థాపించాడు. షా అబ్దుల్ ఖాదిరు 1790 ప్రాంతంలో ఖురానును ఉర్దూ చేశాడంటే దానర్థం, అరబ్బీ రానివాడు కూడా చదవవచ్చునని. చదువు ఎప్పుడు ఒక మెట్టు కిందికి దిగినా, పై మెట్టు మీద కూర్చున్నవాడు ఇక ధర్మం చెడిపోతుందంటాడు. ఇవాళ కొందరు మౌల్వీలు గురువు ఎదుట మోకాళ్ళు ముడిచి కూర్చోకుండా ఫోనులో నేర్చింది విద్యే కాదంటున్నారు. మన వక్తగారూ ఆ మౌల్వీగారూ ఒకే పిల్లవాణ్ణి చూసి వేరువేరు కారణాలతో నవ్వుతున్నారు.

మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్సు మాట మనకు కంఠతా వచ్చు. ఆ మాటకు ముందున్న వాక్యాలు చదివినవాళ్ళు మనలో ఎంతమంది? మందు గురించి మాట్లాడేవాడు నొప్పి గురించి కూడా మాట్లాడాలి. నొప్పి ఎక్కడున్నదో కొంచెం చూద్దాం.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్ళేవారు నూటికి నలుగురికి మించరని అది తేల్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల్లో నూటికి ఇరవై ఐదుగురు అసలు బడి ముఖం చూడనివాళ్ళు, లేదా మధ్యలో మానేసినవాళ్ళు. అంటే ప్రశ్న మదరసా కాదు, లేని బడి. ఆ లెక్కలు వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తున్నది, మన సభల్లో మాత్రం ఇప్పటికీ మదరసా మీదే చమత్కారాలు.

2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. చచ్చింది నమాజుకు వచ్చినవాళ్ళు. తర్వాత పోలీసులు పట్టుకుపోయింది పాతబస్తీ ముస్లిం యువకులను. నెలల తరబడి జైళ్ళలో పెట్టారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు విచారణల్లో బయటపడ్డాయి. చివరికి వాళ్ళు నిర్దోషులని కోర్టు వదిలింది. ప్రభుత్వమే నష్టపరిహారం ప్రకటించవలసి వచ్చింది. ఇవాళ ఇరవై ఏళ్ళ పిల్లవాడు అప్పటికి పాలు తాగే పసివాడు. కాని అతని ఇంట్లో ఆ కథ వినిపిస్తూనే వున్నది. అద్దె ఇల్లు అడగబోతే పేరు విని "ఇప్పుడే ఇచ్చేశామండీ" అనే ఇంటివారు ఆ కథకు ప్రతి నెలా కొత్త అధ్యాయం చేరుస్తున్నారు.

ఫోను గురించే మాట్లాడుకుంటున్నాం కనుక మరొక ఫోను సంగతి చెప్పాలి. 2021 జులైలో ఒకసారి, 2022 జనవరి ఒకటిన మరొకసారి ముస్లిం స్త్రీల ఫోటోలు దొంగిలించి, ఇంటర్నెట్టులో వేలానికి పెట్టినట్టు ఏర్పాటు చేశారు కొందరు. విలేఖరులు, విద్యార్థినులు, పేరున్న స్త్రీలు ఆ వేలంలో "సరుకు". ఆ కేసుల్లో పట్టుబడినవాళ్ళలో ఇంజనీరింగు విద్యార్థులు వున్నారు. ఇంకా ఇరవయ్యేళ్ళయినా నిండనివాళ్ళు వున్నారు. వాళ్ళ జేబులో ఏ పాఠశాల వున్నదని ఎవరైనా చమత్కరించారా? ఆ ఏడే కర్ణాటకలో తలమీద గుడ్డ వేసుకున్న పిల్లలను కళాశాల గేటు దగ్గర ఆపారు. మార్చి 15న హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది; అక్టోబరు 13న సుప్రీం కోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు చెప్పారు. ఇరవై ఏళ్ళ ఆడపిల్ల ఆ రాత్రి ఫోను తెరిచి, నా గుడ్డ గురించి నా గ్రంథం ఏమంటున్నదని వెతికితే, ఆమెను అక్కడికి తోసిందెవరు?

ఈ పాఠాలు వింటున్న తరమే వీధిలోకి కూడా వచ్చింది. పౌరసత్వ సవరణ చట్టం మీద 2019 డిసెంబరు నుంచి 2020 మార్చి దాకా ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో స్త్రీలు రాత్రింబవళ్ళు కూర్చున్నారు. అక్కడ నమాజూ జరిగింది, రాజ్యాంగ ప్రవేశిక పఠనమూ జరిగింది, పిల్లలకు గ్రంథాలయమూ నడిచింది. మన హైదరాబాదులో 2020 జనవరిలో వేలాది జనం జాతీయ జెండాలు పట్టుకుని ఇందిరా పార్కు దిక్కు నడిచారు. ఏ పార్టీ లారీలూ వాళ్ళను తోలలేదు; ఫోనే పిలిచింది. ఆ తర్వాత కోవిడు. సొంత బిడ్డలే దగ్గరికి రాని హిందువుల శవాలను ఎన్నో పట్టణాల్లో ముస్లిం యువకులు మోసి, చితి పేర్చి, సాగనంపారు. వాళ్ళలో చాలామంది నమాజు తప్పనివాళ్ళు. "సవాబు కోసం చేశాం" అన్నారు. పుణ్యం కోసం అని. పుణ్యం కోసం చేసిన పని కనుక అది మన లెక్కలో ప్రజాసేవ కాకపోతే, తప్పు లెక్కది.

ఇంతవరకు చదివి సంతోషించిన మిత్రులు కొందరుంటారు. "చూశారా, ఇదే అసలైన అణగారినవారి చైతన్యం, మనం దాన్ని విమర్శించరాదు" అనే రకం ఒకటి ఈమధ్య విశ్వవిద్యాలయాల్లో బాగా పెరిగింది. ఆ నవ్వు ఎంత తప్పో ఈ చప్పట్లూ అంతే తప్పు. నవ్వేవాడు ఆ పిల్లవాడితో వాదించడు. చప్పట్లు కొట్టేవాడూ వాదించడు. ఇద్దరికీ అతను సమానుడు కాడు. నేను వాదించదలిచాను.

మొదటి ప్రశ్న: ఆ పాఠశాల ఎవరిది? ఇంటర్నెట్టులో ఇస్లాం గురించి మాట్లాడేవారందరూ తెలుసుకోవలసిన సమ్మె ఒకటి వున్నది, మన పత్రికల్లో ఎక్కడా దాని ప్రస్తావన చూడలేదు. 1990ల చివర యూసుఫ్ ఖరదావీ అనే సుప్రసిద్ధ ధర్మవేత్త అండతో "ఇస్లామ్‌ఆన్‌లైన్" అనే సంస్థ ఏర్పడింది. డబ్బు, యాజమాన్యం ఖతరు దేశానివి. రాసేవాళ్ళు, జవాబులు కూర్చేవాళ్ళు కైరో దగ్గర అక్టోబరు ఆరు నగరంలో పనిచేసే ఈజిప్టు యువతీయువకులు. ఫత్వాలతోపాటు రాజకీయాలు, కళలు, కుటుంబ సమస్యలు, అన్నీ చర్చించేవారు. 2010 మార్చిలో దోహా యాజమాన్యం దాని పోకడ మార్చదలిచి పగ్గాలు తన చేతిలోకి తీసుకున్నది. కొన్ని వందల మంది ఉద్యోగులు కార్యాలయంలోనే బైఠాయించారు. తమ సమ్మెను తామే ఇంటర్నెట్టులో ప్రపంచానికంతటికీ చూపించారు. ఖరదావీ కూడా ఉద్యోగుల పక్షాన మాట్లాడాడు. పాలకమండలి నుంచి ఆయన్నూ తీసేశారు. చివరికి ఉద్యోగులు ఓడి బయటికి వచ్చి, అదే ఏడు వేరే సంస్థ పెట్టుకున్నారు. ధర్మం చెప్పేవాడు ఎవరైనా, బొమ్మ ఆపేది పెట్టుబడి పెట్టినవాడు. భక్తిమంతులైన ఆ యువకులు ఈ సంగతి ఏ కరపత్రంలోనూ చదవలేదు, కార్యాలయం నేల మీద పడుకుని నేర్చుకున్నారు.

కైరో దాకా అక్కర్లేదు. నాకు పరిచయమున్న ఒక హాఫిజుగారు చార్మినారు దగ్గర ఒక సందులో వుంటారు. అర్ధరాత్రి దాటాక ఆయన పని మొదలు. చికాగోలో స్థిరపడ్డ హైదరాబాదు కుటుంబాల పిల్లలు బడి నుంచి వచ్చే వేళ అది. చెవులకు యంత్రం తగిలించుకుని, అరగంటకొక పిల్లవాడి చొప్పున తెల్లవారేదాకా ఖాయిదా చెబుతారు. అక్కడి తల్లిదండ్రులు డాలర్లలో చెల్లిస్తారు. మధ్యనున్న సంస్థ సింహభాగం మింగి, ఆయనకు అరగంటల లెక్కన రూపాయలు ఇస్తుంది. పిల్లవాడు రాకపోతే ఆ అరగంటకు కూలి లేదు. బీడీలకు వెయ్యింటికి ఇంత అని లెక్క కట్టినట్టే ఇదీను. పోయిన రంజానుకు రెండు నెలల డబ్బు బకాయి పెట్టారట. కూలివాడికి కూలి ఆలస్యం చేయరాదన్న హదీసును ఆయన ఆ నెల్లోనే మూడుసార్లు పాఠం చెప్పారట! ఈ మాట చెబుతూ ఆయన నవ్వారు. ఆ నవ్వూ సభలో వినిపించిన నవ్వూ ఒకటి కావు. ఆయనకు సంఘం లేదు. సంఘం పెట్టమని ఆయన్ను అడిగినవాళ్ళు మనలో లేరు, మనకు ఆయన కార్మికుడుగా కనిపించడు కనుక, మౌల్వీగా కనిపిస్తాడు.

రెండో ప్రశ్న పాఠంలో ఏమున్నదన్నది. ఇక్కడ మర్యాదకు పోయి లాభం లేదు. జాకిర్ నాయక్ అనే ముంబయి డాక్టరు ఒక ఫణితి నేర్పి పోయాడు. 2016లో ప్రభుత్వం అతని సంస్థను నిషేధించింది, అతను మలేసియాలో వున్నాడు, అది వేరే సంగతి. నిషేధాలతో అభిప్రాయాలు చావవు. నేను చెప్పేది ఆ ఫణితి గురించి. అధ్యాయం నెంబరు, వాక్యం నెంబరు ధారాళంగా అప్పజెప్పడం. ఎదుటివాడి గ్రంథం నుంచి కూడా నెంబర్లే విసరడం. సభ చేత చప్పట్లు కొట్టించడం. ఆధునిక శాస్త్రం కనుగొన్నదంతా గ్రంథంలో ముందే వున్నదనడం. ఆ నోటితోనే డార్విన్ పరిణామవాదం ఉత్త ఊహ అనడం. ఇది విద్య కాదు, వాదంలో గెలవడానికి తర్ఫీదు. బి.ఎస్‌సి. చదివే పిల్లవాడు పగలు జంతుశాస్త్రంలో పరిణామం రాసి మార్కులు తెచ్చుకుని, రాత్రి అది అబద్ధమని వింటున్నాడు. రెండింటినీ రెండు గదుల్లో పెట్టి తాళం వేసుకుంటున్నాడు. మన ఇతర మతస్థులు గ్రహణం రోజున భౌతికశాస్త్రం పాఠం చెప్పి ఇంటికి పోయి గరిక వేసుకోవడం లేదా అంటే, వేసుకుంటున్నారు. పురాణాల్లో విమానాలు వెతికేవారికి శాస్త్రజ్ఞుల సభల్లోనే వేదిక దొరుకుతున్నది. ఒకరి అజ్ఞానం మరొకరి అజ్ఞానానికి సమర్థన కాదు.

ఆ యంత్రం స్వభావం కూడా చూడాలి. వీడియోలు చూపించే అమెరికా కంపెనీకి ఇస్లాం అక్కర లేదు, హిందూమతం అక్కర లేదు. చూస్తున్నవాణ్ణి చూస్తూనే వుంచడం ఒక్కటే దానికి కావలసింది, ప్రకటనలు అమ్ముకోవాలి కనుక. నిదానంగా వ్యాకరణం చెప్పే వృద్ధ పండితుడి కంటే, "ఫలానావాడు కాఫిరైనాడా?" అని అరిచే కుర్రవాడు ఆ వ్యాపారానికి ఎక్కువ పనికివస్తాడు. తజ్వీదుతో మొదలుపెట్టిన పిల్లవాడికి పది రోజుల్లో ఎదుటి శాఖవాణ్ణి తిట్టే ప్రసంగం దానంతటదే ఎదురవుతుంది. అతను వెతకలేదు, అంగడివాడు అందించాడు.

దీని ఫలితం మన పల్లెల్లో కనిపిస్తున్నది. తెలంగాణలో, రాయలసీమలో పీర్ల పండుగ వూరందరి పండుగ. గుండం తవ్వేది ఒకరు, పీరు ఎత్తేది ఒకరు, డప్పు కొట్టేది ఒకరు; మొక్కు తీర్చుకునేవారిలో హిందువులే ఎక్కువ. ఇప్పుడు పట్నంలో చదివి వచ్చిన కొడుకు, ఇది బిద్అత్, మతంలో లేని కల్పన అని తండ్రిని నిలదీస్తున్నాడు. పీరు ఎత్తే చేతులు తగ్గిపోతున్నాయి. దూదేకుల సైదులు తన బిడ్డకు అచ్చ అరబ్బీ పేరు వెతుకుతున్నాడు. ఒక ఉమ్మడి సంస్కృతి మన కళ్ళ ముందు కరిగిపోతున్నది, నాకు బాధగానే వుంది. కాని ఒక్క క్షణం నిలబడి మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఆ సైదులు వూరి చివర మన లౌకికవాదానికి నిదర్శనంగా ఏటేటా నిప్పుల్లో నడుస్తూ వుండాలా? పీరు మోసినంతకాలం అతన్ని వూరు సమానంగా చూసిందా? నూర్‌బాషా అంటే ఉర్దూ ముస్లిములు చిన్నచూపు చూశారు, తురకవాడని హిందువులు చూశారు. "నేనూ అసలైన ముస్లిమునే" అని అతను అనడంలో అహంకారం కంటే అవమానం పాలు ఎక్కువ. అతని కొడుక్కు మనం చెప్పవలసింది పీర్లను కాపాడమని కాదు. నీ తండ్రి అజ్ఞాని కాడు, నీ తండ్రి చేసినదానికి ఒక చరిత్ర వున్నదని. ఆ చరిత్ర రాసిన తెలుగు పుస్తకాలు ఎన్ని వున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆడపిల్లల విషయం మరింత చిక్కైనది. వీధి మసీదులో వాళ్ళకు చోటు వుండేది కాదు. ఫోను ముందు చోటు వున్నది. పాకిస్తానులో ఫర్హత్ హాష్మీ 1994లో స్థాపించిన అల్‌హుదా అనే సంస్థ మధ్యతరగతి స్త్రీలను వేలకొద్దీ ఖురాను పాఠాల్లో కూర్చోబెట్టింది. దాని పాఠాలు ఇంటర్నెట్టు ద్వారా ప్రపంచమంతా పాకాయి. స్త్రీయే గురువు, స్త్రీలే శిష్యులు. వేదిక మీద మగవాడు లేడు. బోధించేదానిలో మాత్రం భర్తకు విధేయత, పర్దా మొదటి పంక్తిలో వున్నాయి. చదవడం నేర్పి, ఏం చదవాలో చెప్పి, అక్కడ ఆపడం. అయితే చదవడం నేర్చినవాళ్ళు అక్కడే ఆగుతారన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. మన దేశంలో 2007లో ఏర్పడిన భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ స్త్రీలు ఖురానునే చేతబట్టి, ఒక్క ఊపిరిలో మూడు తలాఖులు ఇందులో ఎక్కడున్నవో చూపమని మౌల్వీలను అడిగారు. 2016లో హాజీ అలీ దర్గా లోపలికి స్త్రీల ప్రవేశం కోసం బొంబాయి హైకోర్టులో గెలిచింది వాళ్ళే. 2017 ఆగస్టు 22న సుప్రీం కోర్టు ఆ తలాఖును కొట్టివేసినప్పుడు షాయరా బానుతోపాటు వాళ్ళూ కక్షిదారులు. ఆ విజయాన్ని అధికారంలో వున్నవారు 2019లో తమ చట్టంగా మార్చి, భర్తను జైలుకు పంపే నేరంగా చేసి, ముస్లింలనే బెదిరించడానికి వాడుకున్నారంటే, అందుకు ఆ స్త్రీలను తప్పుపట్టలేం. వాళ్ళు ఒంటరిగా నిలబడిన రోజుల్లో మనం, ఇది మతం లోపలి వ్యవహారం కదా అని పక్కకు తప్పుకున్నాం.

ఈ పక్కకు తప్పుకోవడమనేది మన సంప్రదాయం కాదు. మనది ఏ సంప్రదాయమో గుర్తు చేసుకోండి. సజ్జాద్ జహీర్, రషీద్ జహాన్, అహ్మద్ అలీ, మహ్మూదుజ్జఫర్ కలిసి 1932 చివర "అంగారే" కథలు అచ్చువేస్తే, మతపెద్దలు మండిపడి, మరుసటి ఏడు ప్రభుత్వం చేత నిషేధింపజేశారు. వాళ్ళు సొంత ఇంట్లో నిలబడి వాదించారు, వీధిలో నిలబడి నవ్వలేదు. 1936లో లక్నోలో మొదటి మహాసభ జరిపినవాళ్ళు వీళ్ళ బృందమే. మౌలానా హస్రత్ మోహానీ 1925 కాన్పూరు కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వానసంఘాధ్యక్షుడు. ఎన్నోసార్లు హజ్జుకు పోయి వచ్చాడు. కృష్ణుడి మీద కవిత్వం రాశాడు. ఇంక్విలాబ్ జిందాబాద్ మనకు ఇచ్చింది ఆయనే. మన ఖాయిదాల ప్రకారం ఆయన్ను అధ్యయన తరగతికి రానిస్తామా? మఖ్దూం చిన్నతనంలో మసీదు ఊడ్చి, నీళ్ళు తోడినవాడని చెబుతారు. రష్యాలో అందరూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తింటారని మొదట ఆయన చెవిని వేసింది భక్తుడైన పినతండ్రే. దస్తర్‌ఖాన్ అన్న ఆ మాట ఇంటిమాట గనుకనే పిల్లవాడి మనసులో నాటుకున్నది. ఏ ఇంటి మాటతో మనం ఇవాళ ఆ విద్యార్థితో మాట్లాడుతున్నాం?

విసునూరు దేశముఖును కోర్టుకు ఈడ్చిన షేక్ బందగీని 1940లో చంపారు. రజాకార్లకు ఎదురు రాసిన షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో నరికారు. ఏటా దండలు వేస్తున్నాం. మరి తెలుగు ముస్లిం రచయితలు ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ"తో, 1998లో "జల్‌జలా" సంకలనంతో తమ గొంతు తాము విప్పినప్పుడు ఏం చేశాం? మనలో కొందరు పెదవి విరిచారు. వర్గదృష్టి లోపించిందన్నారు. లోపించిందే అనుకుందాం, దాన్ని పూరించేలా మనం రాసిన కథలేవి? కారు నడిపే తండ్రి, కుట్టు మిషను తల్లి, రాత్రి పాఠం వినే కొడుకు, వీళ్ళు ముగ్గురూ వున్న ఒక్క కథ ఈ పదేళ్ళలో మన పత్రికలో వచ్చిందా? నేనే సంపాదకవర్గంలో నాలుగేళ్ళున్నాను, రాలేదు.

ఆ విద్యార్థిని నెల క్రితం బస్టాపులో కలుసుకున్నాను. సభలో జరిగినదానికి క్షమాపణ చెప్పబోయాను. "వదిలేయండి సార్" అన్నాడు. జకాతు గురించి తాను వింటున్న పాఠాలు చెప్పుకొచ్చాడు: ఏడాదికి మిగులులో నూటికి రెండున్నర పేదలకు ఇవ్వాలి. "మిగులు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం మా ఉస్తాదు చెప్పడం లేదు సార్. అడిగితే తర్వాతి పాఠంలో అన్నారు" అని నవ్వాడు. మా తరగతుల్లో ఈ ప్రశ్న మీద ఆరు వారాలు నడిచిందని గుర్తు చేసి, మళ్ళీ ఎందుకు రావడం లేదని అడిగాను. ఆ నవ్వు కారణం కాదట. మొదటి నుంచీ సగం తరగతులకు ఆలస్యంగా వచ్చేవాణ్ణి, మీరెవరూ ఎందుకని అడగలేదు అన్నాడు. ఇంటికి వచ్చి పాత కరపత్రాలు తీసి చూశాను. రెండేళ్ళలో మేము పెట్టిన తరగతుల్లో సగానికి పైగా శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకే వున్నాయి. అప్పుడు కళాశాలలో గది ఖాళీగా వుంటుందని పెట్టాం. జుమా నమాజు వేళ అది. వచ్చే నెల తరగతి కరపత్రం ప్రూఫు నా బల్ల మీద వున్నది. అందులోనూ శుక్రవారమే వేశారు. కొట్టివేసి అచ్చాఫీసుకు తిరిగి పంపుతున్నాను.